అడగండి చెబుతాం: మ్యాచ్ నాలుగు గంటలు, డ్యూటీ పదమూడు

పోయినసారి ఫంక్షన్ హాళ్లలో వడ్డన చేసే కుర్రాళ్ల కూలి గురించి రాశాక ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు చాలా వచ్చాయి. వాటిలో స్టేడియం డ్యూటీల గోడే ఎక్కువ. అందుకని ఈసారి అవే. కాంట్రాక్టర్ల పేర్లూ గ్రౌండ్ల పేర్లూ నేనే తీసేశాను.

ప్ర: డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. వేరే ఊళ్లో పెద్ద మ్యాచ్ ఉంది, గేటు దగ్గర నిలబడటమే పని, 700 ఇస్తారు, మ్యాచ్ కూడా చూడొచ్చు అని మా వీధిలో ఒకన్న చెబితే నలుగురం వెళ్లాం. మధ్యాహ్నం 12కి హాజరు వేశారు. మ్యాచ్ 7.30కి. బయటపడేసరికి రాత్రి ఒంటిగంట. ఒక్క బంతి చూడలేదు, గేటు వైపు తిరిగి నిలబడాలి కదా. పదిమంది ఉండాల్సిన చోట ఆరుగురమే ఉన్నాం. ఇరవై రోజులకి ఫోన్‌పేలో 500 వచ్చాయి. జాకెట్ పోయిందని 200 కోశారట, నేను తిరిగి ఇచ్చేశాను. అడిగితే "మ్యాచ్ నాలుగు గంటలే కదరా" అంటున్నాడు. (సింగ్ నగర్, విజయవాడ)

జ: తమ్ముడూ, ఆ "నాలుగు గంటలే కదరా" అన్నదాంట్లోనే అసలు కిటుకంతా ఉంది. మ్యాచ్ ఎన్ని గంటలన్నది టికెట్ కొన్నవాడి లెక్క. నీ లెక్క హాజరు వేసిన దగ్గర మొదలై, వెళ్లమన్న దగ్గర ఆగుతుంది. పన్నెండు నుంచి ఒంటిగంటకి పదమూడు గంటలు, తిండికీ నడుం వాల్చడానికీ ఒక గంట తీసేద్దాం, అదైనా మీకు దక్కిందో లేదో, పన్నెండు అనుకుందాం. రోజు పనికి 8 గంటలు, ఆపైన చేసిన ప్రతి గంటకీ రెట్టింపు. 700ని 8 గంటలకు పంచితే గంటకు 87 రూపాయల 50 పైసలు. మిగతా నాలుగు గంటలకు గంటకు 175 చొప్పున ఇంకో 700. అంటే నీకు రావాల్సింది 1400, వచ్చింది 500.

2019లో చేసిన వేతనాల కోడ్ అనే చట్టం 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం రోజు కూలికి పెట్టుకున్న మనిషికి ఆ షిఫ్ట్ అయ్యేసరికే డబ్బు చేతికివ్వాలి, ఇరవై రోజులు తిప్పడానికి లేదు. జాకెట్ సంగతికొస్తే, నీకు అప్పగించిన వస్తువు నీ అజాగ్రత్త వల్లే పోయిందని తేలాలి, కోసే ముందు నీ మాట వినాలి. వినకుండా కోసుకుంటే ఆ కోత చెల్లదు.

చేయాల్సిన పని: నలుగురూ కలిసి వెళ్లండి. ఒక్కడే వెళితే "వీడెవడో" అంటారు. పని జరిగిన ఊళ్లో కార్మిక శాఖ కార్యాలయంలో కాగితం మీద రాసివ్వండి. 700 అని చెప్పిన వాట్సాప్ మెసేజ్, మెడలో వేసుకున్న పాస్ ఫొటో, ఫోన్‌పే స్క్రీన్‌షాట్ జత చేయండి. ఆ రోజు గేటు దగ్గర తీసుకున్న సెల్ఫీ ఉంటే అదీ పెట్టండి, దాని మీద టైమ్ ఉంటుంది. మూడేళ్ల దాకా అడగొచ్చు. బాకీ మీద పదిరెట్ల వరకు పరిహారం వేసే అధికారం కూడా వాళ్లకుంది. ఇంకోటి, కాంట్రాక్టర్ చేతులెత్తేస్తే పని చేయించుకున్న సంస్థ కట్టాలి. కాబట్టి అర్జీలో ఇద్దరి పేర్లూ రాయండి, మీ వీధి అన్న పేరొక్కటే రాస్తే ఆయన బస్సెక్కి పోతాడు, మీరు మిగులుతారు.

ప్ర: నేను గుంటూరులో మనుషుల్ని సప్లై చేస్తాను. మీరు ఎప్పుడూ కుర్రాళ్ల వైపే రాస్తారు. 120 మంది కావాలంటే అందరికీ ఫోన్ చేసి ఖాయం చేసుకుంటాను, పొద్దున వ్యాన్ దగ్గరికి 70 మంది వస్తారు. మిగతావాళ్ల ఫోన్లు స్విచాఫ్. పైన ఉన్న కాంట్రాక్టర్ మనిషికి 850 ఇస్తాడు, నేను 600 ఇస్తాను. మిగిలిందాంట్లో వ్యాను, టిఫిను, నా ఖర్చులు. బిల్లు రెండు నెలలకి వస్తుంది. ఈ కాలం పిల్లలకి పని చేసే ఉద్దేశం లేదండీ. (అరండల్‌పేట)

జ: అయ్యా, మీ టెన్షన్ నాకు అర్థమైంది, బిల్లు రెండు నెలలు ఆగితే వడ్డీకి తెచ్చి పంచేది మీరే. కానీ చివరి వాక్యం మాత్రం ఒప్పుకోను. ఐపీఎల్ మార్చి నుంచి మే దాకా. అదే రోజుల్లో మన మిర్చి యార్డు ఎలా ఉంటుందో గుంటూరు మనిషికి నేను చెప్పాలా? ఘాటుకి కళ్లు మండుతున్నా, దగ్గుతున్నా హమాలీ ముఠాలు తెల్లారేసరికి టిక్కీలు, అదే మిర్చి బస్తాలు, మోస్తున్నాయి, ఎందుకంటే మోసినదానికి లెక్క ఉంది. పెళ్లిళ్లూ అప్పుడే, వడ్డనకి వెళితే కూలి మీద భోజనం, ఒక్కోసారి టిప్పు. బండి ఉన్నవాడు ఫుడ్ డెలివరీకి పోతాడు, ఒళ్లు నొప్పిగా ఉంటే యాప్ ఆపేసుకుంటాడు. వీటన్నిటి పక్కన మీ 600ని పెట్టి చూడండి, పదమూడు గంటలు నిలబడాలి, డబ్బెప్పుడొస్తుందో తెలీదు, అర్ధరాత్రి దిగబెట్టేవాళ్లు లేరు. పని చేసే ఉద్దేశం ఉన్నవాడే రాడు.

మొహమాటం లేకుండా ఇంకో మాట అడుగుతాను. 120 మందికి బిల్లు పెట్టి 70 మందితో నడిపిన రోజున, రాని 50 మంది డబ్బు ఎవరి దగ్గర ఆగింది? మీ దగ్గర కాకపోవచ్చు, పైవాడి దగ్గర కావచ్చు. కానీ ఆ యాభై మంది పని చేసింది వచ్చిన డెబ్భై మందే, వాళ్లకు పైసా పెరగలేదు. ఆ మిగిలిన దాంట్లో సగం వచ్చినవాళ్లకు ఆ రాత్రే పంచి చూడండి, తర్వాతి మ్యాచ్‌కి స్విచాఫ్‌లు ఎన్ని తగ్గుతాయో మీకే తెలుస్తుంది. అసలు గంటలు ముందే చెప్పండి. తిరుగు వ్యాను రాసిచ్చాకే పై కాంట్రాక్టర్‌కి ఒప్పుకోండి. కొంత అడ్వాన్స్ లేకుండా పెద్ద పని పట్టుకోకండి, పట్టుకుంటే మునిగేది మీరే.

అన్నట్టు, మీరు ఇచ్చే జాకెట్ వెనక "సెక్యూరిటీ" అని ఉంటుందా? ఉంటే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్స్ ఉండాలి, గార్డుకి శిక్షణ ఉండాలి. కేంద్రం మాదిరి నిబంధనల్లో ఆ శిక్షణ 100 గంటలు తరగతిలో, 60 గంటలు బయట. పొద్దున వ్యాన్ ఎక్కిన కుర్రాడికి సాయంత్రం ఆ జాకెట్ తొడిగితే అది మీకే ప్రమాదం.

ప్ర: గ్రౌండ్ సిబ్బందికి లక్షలు ఇచ్చారని చదివాం. మరి ఈ గోడేమిటి? (పటమట)

జ: మీరు చదివింది నిజమే. 2024 ఐపీఎల్ అయ్యాక పది ప్రధాన మైదానాల్లో గ్రౌండ్స్‌మెన్‌కీ పిచ్ తయారుచేసే క్యూరేటర్లకీ 25 లక్షల చొప్పున, అదనంగా వాడిన మూడు మైదానాలకి 10 లక్షల చొప్పున క్రికెట్ బోర్డు ప్రకటించింది. ఆ మూడింట్లో మన విశాఖ ఉంది. అంతకుముందు 2023 సెప్టెంబర్‌లో కొలంబోలో ఆసియా కప్ ఫైనల్లో ఆరు వికెట్లు తీసిన మన హైదరాబాద్ సిరాజ్, తనకొచ్చిన 5,000 డాలర్లు అక్కడి గ్రౌండ్ సిబ్బందికే ఇచ్చేశాడు. సంతోషమే. అయితే వానొస్తే కవర్లు లాగేవాళ్లు టీవీలో కనపడతారు. గేటు దగ్గర కుర్రాడు, మరుగుదొడ్లు కడిగే ఆవిడ ఏ కెమెరాలోనూ పడరు. పైగా అది బహుమతి. ఇచ్చినవాళ్ల మనసును బట్టి వస్తుంది, మళ్లీ ఏడాది అడగలేం. కూలి అలా కాదు. 2023 నుంచి 2027 దాకా ఐదేళ్ల ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్లకు అమ్ముడయ్యాయి, కాబట్టి డబ్బు లేదనే మాట ఎవరైనా అంటే నమ్మకండి.

అమెరికాలో బోస్టన్‌లో ఫెన్‌వే పార్క్ అని బేస్‌బాల్ గ్రౌండ్ ఉంది, నూరేళ్లు దాటింది. 2025 జులైలో డాడ్జర్స్ జట్టు వచ్చి మూడు రోజులు ఆడినప్పుడే, సరిగ్గా ఆ మూడు రోజులూ అక్కడ తిండీ బీరూ అమ్మే సిబ్బంది సమ్మె చేశారు. కూలి పెంచమని ఖాళీ గ్రౌండ్ ముందు అరిస్తే ఎవరికి వినపడుతుంది? వాళ్లకి యూనియన్ ఉంది కాబట్టి కుదిరింది. మన దగ్గర ఒక్క మ్యాచ్‌కి కలిసిన నలుగురు మళ్లీ కలవరు.

ప్ర: ఫ్లడ్‌లైట్ల టోర్నమెంట్ అయ్యాక స్టాండ్లు ఊడ్చే పనికి ఎనిమిది మంది ఆడవాళ్లం వెళతాం. అందరూ పోయాకే మా పని మొదలు. అయ్యేసరికి రెండున్నర. మీ దారి మీరు చూసుకోండి అంటున్నారు. ఆటోవాడు ముక్కు పిండి తీసుకుంటే కూలిలో సగం దానికే పోతోంది. (కృష్ణలంక)

జ: చెల్లెమ్మా, రాత్రి ఏడు దాటాక, పొద్దున ఆరు లోపు ఆడవాళ్లతో పని చేయించాలంటే ముందు వాళ్లు ఒప్పుకోవాలి, భద్రతకి తగిన ఏర్పాట్లు యజమానే చూడాలి, ఇది కూడా కొత్త కార్మిక కోడ్‌లలోనే ఉంది. మీరు ఎనిమిది మందీ పనికి ముందే, చీపురు పట్టకముందే అడగండి, బండి ఏర్పాటు చేస్తారా లేక ఊడ్చే పని పొద్దున ఆరింటికి పెడతారా అని. స్టాండ్లో పడి ఉన్న ప్లాస్టిక్ గ్లాసులు తెల్లారేదాకా ఎక్కడికీ పోవు. పని అయ్యాక అడిగితే ఎవరూ వినరు, ఆ రాత్రి వాళ్లకు మీతో అవసరం తీరిపోతుంది.

ప్ర: వేలు పోసి టికెట్ కొంటే ఒక్క గేటు తెరిచారు, లోపల మంచినీళ్ల దగ్గర ఒకే కుర్రాడు. తిట్టకుండా ఎలా ఉంటాం? (బ్రాడీపేట)

జ: తిట్టండి, ఆ కుర్రాణ్ణి కాదు. గేట్లు ఉండీ తెరవకపోవడానికి ఒక కారణం దాని దగ్గర నిలబెట్టడానికి మనుషులు లేకపోవడం. 2002 నవంబర్ 24న మన బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో వెస్టిండీస్‌తో వన్డే జరిగినప్పుడు నేనూ లైన్లో నిలబడ్డాను, ఆ తోపులాటలో చెప్పు పోయింది, మ్యాచ్ 135 పరుగుల తేడాతో పోయింది, ఇప్పుడు నవ్వుకుంటున్నాం. 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం గేట్ల దగ్గర తొక్కిసలాటలో 11 మంది చచ్చిపోయారు. గేటు దగ్గర ఎంతమంది ఉన్నారు, ఏ గేటు ఎన్ని గంటలకు తెరిచారు అన్నది ఫొటోతో సహా టికెట్ అమ్మిన సంస్థకి రాయండి, జవాబు రాకపోతే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. టికెట్ మాత్రం చింపి పారేయకండి.