పొడి ఆపండి, ముందు రక్తం పరీక్ష చేయించండి

ప్రశ్న: మా ముర్రా దున్నపోతుకు నాలుగేళ్లు. మూడు నెలలుగా దాటించిన గేదెలు చాలావరకు చూలు కట్టక తిరిగి పొర్లుతున్నాయి (మళ్లీ ఎదకొస్తున్నాయి). వీర్యంలో ‘ప్రోటియేజ్ నిరోధకాలు’ తగ్గాయని మందుల షాపులో పొడి ఇచ్చారు. ఎన్నాళ్లు పెట్టాలి? ఎడమ వృషణం కొంచెం వాచింది. ఊళ్లో రెండు గేదెలు ఏడో నెలలో ఈసుకుపోయాయి (గర్భం పోయింది).
– తెనాలి దగ్గరి రైతు

జవాబు: పొడి ఈరోజే ఆపండి. మీరు చివర్లో రాసిన రెండు మాటలే అసలు సంగతి. వృషణం వాపు, ఏడో నెలలో ఈసుకుపోవడం కలిపి చూస్తే నా అనుమానం బ్రూసెల్లోసిస్ మీదే. ఇది పశువులు ఈసుకుపోయేలా చేసే, మనుషులకూ అంటే బ్యాక్టీరియా జబ్బు.

ప్రోటియేజ్ నిరోధకాలు, అంటే ప్రొటీన్లను కోసే ఎంజైములను ఆపే పదార్థాలు, వీర్యంలో ఉన్న మాట నిజమే. వీర్యకణం తల మీద టోపీలాంటి సంచిలో అక్రోసిన్ అనే అలాంటి ఎంజైము ఉంటుంది. అండం దగ్గర చేయాల్సిన పని అది దారిలోనే మొదలుపెట్టకుండా ఇవి పట్టి ఉంచుతాయి. అలాంటి నిరోధకం ఒకటి లేకుండా చేసిన మగ చుంచెలుకలకు పిల్లలు పుట్టలేదని 2000లోనే తేలింది. కానీ ఇవి ప్రొటీన్లు, పశువు ఒంట్లోనే తయారవ్వాలి. దాణాలో కలిపితే పెద్ద పొట్టలోని సూక్ష్మజీవులు అరిగించేస్తాయి, వృషణం దాకా ఏం చేరుతుంది? పైగా వాపు ఉన్నచోట తెల్ల రక్తకణాలు వదిలే ఎంజైములు ఉన్న నిరోధకాలను కూడా మించిపోతాయి. వీర్యం చూడకుండా, రక్తం తీయకుండా షాపులో కూర్చున్నాయనకు లోపం ఎలా తెలిసింది? ఇలా ఇచ్చిన పొడులు వాడి ఒక ఈత కాలం పోగొట్టుకుంటున్న రైతులను చూస్తే బాధేస్తుంది.

దున్నను ఇప్పుడే విడిగా కట్టేయండి, ఏ గేదెకూ దాటించవద్దు, అమ్మవద్దు. పశువైద్యుడితో 5 మి.లీ. రక్తం తీయించి దున్నకూ, ఈసుకుపోయిన గేదెలకూ రోజ్ బెంగాల్ పరీక్ష (బ్రూసెల్లోసిస్ ఉందేమో చూసే తొలి రక్త పరీక్ష) చేయించండి. నెగెటివ్ వచ్చినా 3–4 వారాలకు మళ్లీ చేయించాలి. పాజిటివ్ అయితే ఎలైసా అనే మరో రక్త పరీక్షతో నిర్ధారించుకోండి. జబ్బు ఉందని తేలితే ఇక ఆ దున్న సంతానానికి పనికిరాదు, సూదిమందులతో బాగుచేద్దామని చూడకండి. ఎదకొచ్చిన గేదెలకు కృత్రిమ గర్భధారణ చేయించండి: ఉదయం ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం.

ఈ జబ్బు రాకుండా పెయ్యలకు 4–8 నెలల వయసులో ఒక్కసారి ఎస్-19 అనే బ్రూసెల్లోసిస్ టీకా, 2 మి.లీ. చర్మం కింద. దున్నలకు, చూడి గేదెలకు ఈ టీకా వేయించకూడదు. ఊరంతా కలిసి వేయించాలి, ఒక్క ఇంట్లో వేస్తే చాలదు.

ఈసుకుపోయిన దూడను, మాయను చేతులతో ముట్టకుండా గ్లౌజులు వేసుకుని లోతుగా గుంట తీసి సున్నం చల్లి పూడ్చాలి. పాలు బాగా మరగకాచాకే తాగాలి. ఇప్పటికే ఆ మాయను వట్టి చేత్తో తీసిన వాళ్లకు వచ్చిపోయే జ్వరం, కీళ్ల నొప్పులు ఉంటే డాక్టరుకు ఈ విషయం తప్పక చెప్పమనండి.