పసుపు చార, ఎర్ర చార

ప్ర: పెద్దవాన పడిన రాత్రి బోరు షెడ్డు లైటుకు తెల్ల రెక్కల పురుగులు ముసురుతున్నాయి. కొన్నింటికి రెక్క ముందంచున పసుపు చార ఉంది, కొన్నింటికి ఎర్ర చార. రెండూ ఒకటేనా? శెనక్కాయకు ఇబ్బందా? – ఒక రైతు, కళ్యాణదుర్గం

జ: పసుపు చారదే మీరు ముఖ్యంగా పట్టించుకోవాల్సింది. అది ఎర్రగొంగళి పురుగుకు తల్లి, శాస్త్రీయ నామం ఆమ్సాక్టా ఆల్బిస్ట్రైగా. ముందు రెక్కలు తెల్లగా ఉండి వాటి మీద గోధుమరంగు గీతలుంటాయి. వెనక రెక్కల మీద నల్ల మచ్చలు, తల దగ్గర పసుపు పట్టీ.

ఎర్ర చార దగ్గరే తికమక. ముందు రెక్క దాదాపు మచ్చలేని తెలుపైతే అది ఆలోవా లాక్టినియా. ఒకప్పుడు దీన్నీ ఆమ్సాక్టాలోనే కలిపేవారు, ఇప్పుడు వేరే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు). గీతలు కూడా ఉంటే ఆమ్సాక్టా మూరై. రంగును పగటి వెలుతురులోనే చూడండి. లైటుకు కొట్టుకుని పొలుసు రాలిన పురుగుతో పోల్చుకోవద్దు.

ఆమ్సాక్టా ప్రజాతికి 1855లో పేరు పెట్టినవాడు ఇంగ్లండు కీటక శాస్త్రజ్ఞుడు ఫ్రాన్సిస్ వాకర్. పాత పుస్తకాల్లో ఆర్క్టిడే కుటుంబం అని ఉంటుంది. ఇప్పుడది ఎరెబిడే కుటుంబంలో ఆర్క్టినే అనే ఉపకుటుంబం. పొగాకు లద్దె పురుగుది నాక్టుయిడే కుటుంబం, కాబట్టి దగ్గరి చుట్టమేమీ కాదు.

లైటుకు వచ్చాయంటే ఆకుల అడుగున గుడ్ల కుప్పలు పడుతున్నట్టే. ఒక్కో ఆడపురుగు వందల్లో పెడుతుంది. 3, 4 రోజుల్లో పిల్లలు బయటికొచ్చి గుంపుగా ఆకు అడుగున పచ్చదనం గీకి తింటాయి. ఆకు జల్లెడలా కనిపిస్తే దాన్ని తుంచి కిరోసిన్ కలిపిన నీళ్లలో వేయండి. ఈ పని ఇప్పుడే తేలిక. 5 సెం.మీ. దాకా ఎదిగి, ఒళ్లంతా ఎర్రటి వెంట్రుకలొచ్చాక మందుకు తొందరగా లొంగవు, పైగా దండుగా పక్క చేలోకి నడుస్తాయి. అప్పుడిక చేను చుట్టూ 30 సెం.మీ. లోతు, 25 సెం.మీ. వెడల్పున కందకం తీయాలి. గోడ నిటారుగా లేకపోతే ఎక్కి వచ్చేస్తాయి. మధ్యలో జిల్లేడు కొమ్మలు వేసి, వాటికి చేరినవాటిని ఏరి చంపండి.

దీపపు ఎర (లైటుతో రెక్కల పురుగుల్ని రప్పించి పట్టేది) వాన పడిన రాత్రే పెట్టాలి, రెండు రోజులాగితే గుడ్లు పడిపోతాయి. పంటయ్యాక పురుగు నేలలోకి దిగి, గట్ల వెంట, చెట్ల నీడన ప్యూపాగా (కదలని గూటి దశ) మారి మళ్లీ వానల దాకా ఉంటుంది. వేసవి దుక్కిలో చేనంతా లోతుగా దున్ని గట్టు వార వదిలేస్తే ఫలితం సగమే.