కుక్కకు చిప్ ముందా, టీకా ముందా?

సందేహం: మాది విజయవాడ. మావారికి జర్మనీలోని మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. నెలన్నరలో నేను, మా అబ్బాయి కూడా ఆయనతో వెళ్లాలి. మాకు నాలుగేళ్ల లాబ్రడార్ ఉంది. టీకాలన్నీ వేయించాం. మూడు వారాల్లో కాగితాలు సిద్ధం చేస్తానని ఒక ఏజెంటు అరవై వేలు అడ్వాన్సు తీసుకున్నాడు. ఇంట్లో పెద్దవాళ్లు కుక్కను ఏదైనా గుడి దగ్గర వదిలేయమంటున్నారు. ఒక రామచిలుక కూడా ఉంది. దాన్ని తీసుకెళ్లవచ్చా? – ఒక పాఠకురాలు

సమాధానం: మూడు వారాల్లో అయ్యే పని కాదమ్మా ఇది. టీకా తర్వాత 21 రోజులు ఆగితే చాలన్న నిబంధన, రేబిస్ అదుపులో ఉందని యూరోపియన్ యూనియన్ జాబితాలో చేర్చిన దేశాలకే. ఆ జాబితాలో భారత్ లేదు. మన కుక్కలకు రక్తపరీక్ష తప్పనిసరి.

మీ కుక్కకు మైక్రోచిప్, అంటే చర్మం కింద అమర్చే గుర్తింపు చిప్ ఉందా? ఉత్తరంలో ఆ మాట రాయలేదు. చాలామంది పొరపడేది ఇక్కడే. చిప్ అమర్చక ముందు వేయించిన రేబిస్ టీకాను అక్కడి అధికారులు లెక్కలోకి తీసుకోరు. చిప్ లేకపోతే ఈ వారమే పదిహేను అంకెల చిప్ పెట్టించి, ఆ తర్వాత టీకా మళ్లీ వేయించండి. కనీసం 30 రోజులు ఆగి రక్తం తీయించాలి. నమూనాను యూనియన్ ఆమోదించిన ప్రయోగశాలకే పంపాలి. టీకా వల్ల రక్తంలో ఏర్పడే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) మిల్లీలీటరుకు 0.5 అంతర్జాతీయ యూనిట్లకు తగ్గకూడదు. రక్తం తీసిన రోజు నుంచి మరో మూడు నెలలు గడవాలి. అంటే మొత్తం నాలుగు నెలలు. ఎంత డబ్బు పోసినా ఇందులో ఒక్క రోజు తగ్గదు. తేదీలు దిద్దిన పత్రాలతో దిగితే కుక్కను వెనక్కి పంపుతారు, లేదా మీ ఖర్చుతో క్వారంటైన్‌లో ఉంచుతారు. రెండూ కుదరకపోతే దాని ప్రాణం తీయడానికి కూడా అక్కడి నిబంధనలు ఒప్పుకుంటాయి.

కాబట్టి మీవారిని ముందు వెళ్లనివ్వండి. మీరు, అబ్బాయి, కుక్క గడువు తీరాక బయలుదేరండి. యజమాని ప్రయాణానికీ కుక్క ప్రయాణానికీ మధ్య ఐదు రోజులు దాటితే దాన్ని సొంత పెంపుడు జంతువుగా చూడరు, వ్యాపార రవాణా నిబంధనలు వర్తిస్తాయి. అందుకే టీకా పుస్తకం, చిప్ నమోదు, మున్సిపల్ లైసెన్సు అన్నీ వెంట వెళ్లే మీ పేరునే ఉండాలి. చివరగా, యూరప్ నమూనాలోని ఆరోగ్య ధ్రువపత్రం జర్మనీ చేరడానికి ముందు పది రోజుల్లోపు తీసుకున్నదై ఉండాలి. దీనికి హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ జంతు క్వారంటైన్ కేంద్రాన్ని ముందుగానే సంప్రదించండి.

జర్మనీ నిషేధించిన జాతుల్లో లాబ్రడార్ లేదు. అద్దె ఇంటి గురించి దిగులు పడకండి. కుక్కలు, పిల్లులు అసలు వద్దంటూ ముందే అచ్చు వేసిన అద్దె ఒప్పందంలో పెట్టే షరతు చెల్లదని అక్కడి అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2013లో తీర్పు ఇచ్చింది. అయినా యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి.

ఏజెంటుకు వెంటనే రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి అడ్వాన్సు వెనక్కి అడగండి. కుదరని గడువు చెప్పి డబ్బు తీసుకోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఇవ్వకపోతే రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. రసీదు, వాట్సాప్ సందేశాలు చెరిపేయకండి.

గుడి దగ్గర వదిలేయడం మాత్రం వద్దు. ఆకలిదప్పులతో బాధపడే స్థితిలో జంతువును అకారణంగా వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలోని 11వ సెక్షన్ కింద నేరం. మొదటి తప్పుకు జరిమానా యాభై రూపాయలు దాటదని నాకు తెలుసు, అది సిగ్గుపడాల్సినంత తక్కువ. కానీ నాలుగేళ్లు మీ చేతి ముద్ద తిన్న కుక్క వీధికుక్కల మధ్య ఎన్నాళ్లు బతుకుతుంది? తీసుకెళ్లడం నిజంగా కుదరకపోతే, చూసుకునే బంధువులకు రాతపూర్వకంగా అప్పగించండి.

ఇక రామచిలుక. దాన్ని తీసుకెళ్లడం మాట అటుంచి, ఇంట్లో ఉంచుకోవడమే వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం నేరం. మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ఎవరికీ అమ్మకండి, ఇవ్వకండి. పంజరంలో పెరిగింది కాబట్టి గాలిలోకి వదిలేసినా బతకదు. మీరే స్వయంగా అటవీ శాఖ కార్యాలయానికి తీసుకెళ్లి అప్పగించి, రసీదు తీసుకోండి. అబ్బాయికి ముందే చెప్పి, వెంట తీసుకెళ్లండి.