ఉప్పు నీళ్లు పోసే ముందు

అమ్మాయ్,

సరుగుడు ఉప్పును ఎలా తట్టుకుంటుందో జన్యువుల్లో వెతుకుతానన్నావు, సంతోషం. నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. ఒకచోట మాత్రం గుండె గుభేలుమంది. మొదటి రోజే 300 మిల్లీమోలార్ గాఢత ఉప్పు నీళ్లు, మర్నాడే ఏ జన్యువులు లేచాయో (చురుగ్గా మారాయో) చూడ్డానికి ఆర్‌ఎన్‌ఏ తీయడం! లీటరుకు పదిహేడున్నర గ్రాములు తల్లీ, సముద్రపు నీళ్లలో ఇంచుమించు సగం. అంత ఒక్కసారే పోస్తే వేరు నీళ్లు లాగలేక ముందు దాహంతో అల్లాడుతుంది. అప్పుడు లేచే జన్యువుల్లో చాలావరకు కరువులోనూ లేచేవే. నేను ఇదే తప్పు చేసి ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను.

రోజుకు 50 మిల్లీమోలార్ చొప్పున పెంచు. పక్కనే ఇంకో వరుసకు ఉప్పు లేకుండా, అంతే దాహం పుట్టించే పీఈజీ (పాలిఇథిలీన్ గ్లైకాల్) ద్రావణం పెట్టు. రెండు వరుసల్లోనూ లేచినవాటిని పక్కన పెట్టి, ఉప్పు వరుసలోనే లేచినవాటిని ముందు చూడు. మొక్కలన్నీ ఒకే క్లోన్ నుంచి, అంటే ఒకే తల్లిచెట్టు కొమ్మల నుంచి పెంచినవి తెచ్చుకో. విత్తనపు మొక్కలైతే దేనికదే వేరు, తేడా ఉప్పుదో పుట్టుకదో తేలదు.

నమూనా కొమ్మల్లోంచే తీస్తానన్నావు. సరుగుడుకు సూదుల్లా కనిపించేవి సన్నటి కొమ్మలే, ఆకులు వాటి కణుపుల దగ్గర పొలుసుల్లా ఉంటాయి. ఆ కొమ్మలూ కావాలి, కానీ వేరు లేకుండా కథ సగమే. ఉప్పులోని సోడియాన్ని కణం బయటికి తోసే ఎస్‌ఓఎస్1 అనే ప్రోటీన్ ముఖ్యంగా పనిచేసేది వేరులో. లోపలికి వచ్చేసినదాన్ని కణంలోని రిక్తికలో (నీళ్ల సంచిలో) బంధించే పని ఎన్‌హెచ్‌ఎక్స్ రకం ప్రోటీన్లది.

ఇంకో మెలిక. ప్రయోగాల్లో ఎక్కువగా వాడే ఆరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో చూసిన ప్రకారం ఎస్‌ఓఎస్1ను ఎస్‌ఓఎస్2 అనే కైనేజ్ ఎంజైమ్ ఫాస్ఫేట్ తగిలించి మేల్కొలుపుతుంది. అంటే ఆర్‌ఎన్‌ఏ పెరగకపోయినా పని జరుగుతుండవచ్చు. గ్రాఫ్‌లో గీత లేవలేదని జన్యువును కొట్టేయకు. సోడియం, పొటాషియం ఎక్కడ ఎంత ఉన్నాయో ఫ్లేమ్ ఫోటోమీటర్‌లో (మంట రంగును బట్టి కొలిచే పరికరంలో) చూసుకున్నాకే జన్యువుల జాబితా తెరువు. అది పాత పద్ధతని కుర్రాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

అన్నట్టు, ఉప్పు పోయని మొక్కలకు ఏ నీళ్లు పోస్తున్నావు? బోరు నీళ్లయితే ముందు ఈసీ (నీళ్లలో ఉప్పు ఎంతుందో తెలిపే విద్యుత్ వాహకత) కొలిచి నాకు చెప్పు. మన బాపట్ల బోర్ల సంగతి నీకు తెలియనిదా!

ఆశీస్సులతో,
పెదనాన్న