కోళ్లూ కూరగాయ మొక్కలూ ఒకే పెరట్లో పెంచొచ్చా? మా బెంగళూరు ఇంటి అనుభవం

బెంగళూరులో సొంతిల్లు, వెనకాల కాస్త ఖాళీ జాగా ఉంది, నాలుగైదు గుడ్ల కోళ్లూ కూరగాయ మొక్కలూ కలిపి పెంచుకోవచ్చా, గుడ్ల ఖర్చు కలిసొస్తుందా, వాసన సంగతేంటి, పక్కింటివాళ్లు ఏమంటారు అని మీరు అడిగారు. మేం రామమూర్తినగర్ వైపు ఉంటాం. 40 బై 60 సైటులో సగం ఇల్లు, సగం పెరడు. మూడేళ్లుగా ఇంట్లో పెట్టలు ఉన్నాయి. పెంచుకోవచ్చు. కాకపోతే మీరు ‘కలిపి’ అన్నారు చూశారూ, చిక్కంతా అక్కడే.

మాది మదనపల్లె దగ్గర పల్లె. చిన్నప్పుడు పొద్దున్నే గంప ఎత్తితే కోళ్లు ఊరంతా తిరిగి సాయంత్రానికి వాటంతట అవే వచ్చేవి. ఆ ధీమాతోనే ఇక్కడా మొదలుపెట్టాను. ‘కోళ్లు తెచ్చేముందు దడి కట్టుకోవాల మే’ అని మా అత్తమ్మ చెప్పింది. వింటేనా! ఒక ఆదివారం గూడు తలుపు తీసి, లోపలికెళ్లి కాఫీ కలుపుకుని వచ్చాను. పదీ పన్నెండు నిమిషాలు అయ్యుంటుంది, అంతే. కొత్తిమీర అప్పుడే రెండాకులు వేసింది, ఆ మడి మొత్తం తిరగబడి ఉంది. కోడి తవ్వే పద్ధతి దగ్గరగా చూస్తే భలే ఉంటుంది. కుడికాలితో రెండుసార్లు, ఎడమకాలితో ఒకసారి వెనక్కి తన్నుతుంది, ఒకడుగు వెనక్కి వేసి తల వంచి చూస్తుంది, మళ్లీ మొదలు. మెంతులు చల్లిన చోట ఒకటి గుంత చేసుకుని, రెక్కల్లోకి మట్టి పోసుకుంటూ పడుకుంది. ఎర్రబడిన టమోటాలు ఏడెనిమిది ఉంటే, ఒక్కటి పూర్తిగా తినొచ్చు కదా, అన్నిటినీ ఒక్కో పోటు పొడిచి వదిలేశాయి.

కాబట్టి ముందు దడి. మా పెరట్లో గోడ వారగా 6 అడుగుల వెడల్పున కోళ్ల జాగా, మిగతాది తోట, మధ్యలో నాలుగడుగుల జాలీ, దానికో చిన్న గేటు. గూట్లో ఒక్కో కోడికి కనీసం మూడు నాలుగు చదరపు అడుగులు, బయట తిరగడానికి పది చదరపు అడుగుల దాకా చూసుకోండి. తక్కువైతే ఒకదాని ఈకలు ఒకటి పీకేస్తాయి. జాలీ విషయంలో పిసినారితనం వద్దు. షాపులో ‘కోళ్ల జాలీ’ అని ఇచ్చే పల్చటి తీగ కోడిని ఆపుతుంది గానీ పందికొక్కుని ఆపదు. మా వీధి డ్రైనేజీలో పిల్లి అంత సైజు పందికొక్కులున్నాయి. ఒక రాత్రి వాటిలో ఒకటి అడుగున మట్టి తవ్వి లోపలికొచ్చి ఒక పెట్టని చంపేసింది. పొద్దున మిగతావి దండెం మీద ఒకదానికొకటి అతుక్కుని కూర్చుని, మధ్యాహ్నం దాకా కిందికి దిగలేదు. తర్వాత అరంగుళం గళ్ల వెల్డింగ్ జాలీ తెచ్చి, ఒకడుగు లోతున మట్టిలోకి దింపి పాతించాం. పగలు గద్దలు, రాత్రి పిల్లులు, కాబట్టి పైకప్పు కూడా తప్పదు.

మరి కోళ్లని తోటలోకి అసలు వదలకూడదా? వదలాలి, పంట మీద ఉన్నప్పుడు కాదు. నేను తోటని రెండు మళ్లుగా చేసుకున్నాను. బెండ మొక్కలు ముదిరి పీకేశాక ఆ మడికి గేటు తీస్తాను. రెండు వారాల్లో వేరుపురుగులు, గడ్డి గింజలు, నత్తలు అన్నీ ఏరి తినేస్తాయి, మట్టి గుల్లగా చేసి పెడతాయి. పార పట్టాల్సిన పని సగం తగ్గుతుంది. అప్పుడు రెండో మడిలో చిక్కుడో టమోటానో ఉంటుంది, దాని గేటు మూసే ఉంటుంది.

ఎరువు గురించి కాస్త ఎక్కువ చెప్తాను, నా లెక్కలో కోళ్లు పెంచడానికి అసలు కారణం అదే. కోడి రెట్ట పశువుల పేడలా కాదు, మహా వేడి. నత్రజని చాలా ఎక్కువ. మొదటి నెల ఉత్సాహంగా పచ్చి రెట్ట తీసుకెళ్లి వంగ మొక్కల మొదట్లో వేశాను. వారం తిరక్కుండా ఆకుల అంచులు కాగితం కాలినట్టు మాడిపోయాయి. ఇప్పుడు గూట్లో నాలుగైదు అంగుళాల మందాన వరి ఊక, ఎండుటాకులు పరుస్తాను. ఎండుటాకులకి బెంగళూరులో కరువేముంది? మా వీధి ఊడ్చే అక్క రెండు గోతాలు మా గేటు దగ్గరే పెట్టి వెళ్తుంది. రెట్ట పడ్డ చోట రోజూ కాస్త కలియబెట్టి, పైన పొడి ఆకు చల్లితే వాసన రాదు. ముక్కుకి ఘాటు తగిలిందంటే తడి ఎక్కువైందని అర్థం. జూన్ నుంచి అక్టోబర్ దాకా వానల్లో దాన్నే కనిపెట్టుకుని ఉండాలి. తడి రెట్టే ఈగలకి మూలం. రెండు మూడు నెలలకోసారి ఆ చెత్తంతా తీసి డ్రమ్ములో కుప్ప వేసి, మరో మూడు నెలలు మాగనిస్తాను. మాగాక మట్టి వాసన వస్తుంది, చేతిలో పొడిపొడిగా రాలుతుంది. అప్పుడే మొక్కలకి. తోటకూర, కొత్తిమీర లాంటి ఆకుకూరలకైతే పచ్చి రెట్ట దగ్గరికే రానివ్వకండి, కడుపుకి మంచిది కాదు. గూడు ముట్టుకున్నాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి.

ఇక పక్కింటివాళ్లు. పెట్టలతో పేచీ లేదు, గుడ్డు పెట్టాక ఐదు నిమిషాలు గొడవ చేస్తాయి, అంతే. పేచీ పుంజుతోనే. గుడ్లకి పుంజు అవసరమే లేదు, పిల్లలు కావాలంటేనే కావాలి. ఈ సంగతి తెలిసీ మేం బోల్తాపడ్డాం. అన్నిటికన్నా ముందు, పిల్లలు మారాం చేస్తే రోడ్డు మీద రంగులద్దిన కోడిపిల్లలు ఆరు కొన్నాం, ‘అన్నీ పెట్టలే మేడం’ అన్నాడు అమ్మేవాడు. గుడ్ల జాతి కోళ్లలో మగపిల్లలు హేచరీలకి (పిల్లల్ని పొదిగించి అమ్మేవాళ్లకి) పనికిరావు, ఎక్కువగా అవే ఇలా రంగు పూసుకుని రోడ్డెక్కుతాయని తర్వాత తెలిసింది. వాటిలో నాలుగు ఒక్క వారంలోనే చచ్చిపోయాయి. మిగిలిన రెండూ పుంజులే! పక్కింటి కన్నడ పెద్దాయన మొదటిరోజు నవ్వుతూనే అడిగారు, ‘నిమ్మ కోళి నాల్కు గంటెగే ఎబ్బిసత్తల్ల’ అని, మీ కోడి నాలుగింటికే లేపేస్తోందే అని. నాలుగోరోజు నవ్వు లేదు. ఆ ఆదివారమే పుంజులు రెండూ మదనపల్లె బస్సెక్కాయి. అపార్ట్‌మెంటో గేటెడ్ లేఔటో అయితే కోళ్లు తేకముందే అసోసియేషన్‌లో అడగండి, తెచ్చాక అడిగితే కోడిగుడ్డు మీద ఈకలు పీకేవాళ్లు పదిమంది తయారవుతారు.

కొనేటప్పుడు నాలుగు నెలల పెట్టలే కొనండి. పిల్లల్ని తెస్తే వెచ్చదనం కోసం బల్బు, టీకాలు, టెన్షన్. కొక్కెర తెగులు టీకా మందు వందల కోళ్లకి సరిపడే సీసాల్లో వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్లకి ఎక్కడ కుదురుతుంది? టీకాలు పూర్తయిన పెట్టలైతే ఆ బాధ లేదు. ఊరి నాటుకోడి పొదుగుతుంది, పిల్లల్ని చేస్తుంది, గుడ్లు మాత్రం తక్కువ. గుడ్లే కావాలంటే బీవీ 380 లాంటి గోధుమరంగు గుడ్ల జాతి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో తయారైన గ్రామప్రియ కూడా పెరటి పెంపకానికి బాగుంటుంది. మన హెబ్బాళ వెటర్నరీ కాలేజీలో పుట్టిన గిరిరాజ పేరు ఇక్కడ అందరూ చెప్తారు, అది గుడ్లకీ మాంసానికీ రెండింటికీ పనికొచ్చే రకం. బెంగళూరు శివార్లలో హెసరఘట్ట దగ్గర కేంద్ర ప్రభుత్వ కోళ్ల అభివృద్ధి సంస్థ ఉంది, అటు వెళ్తే పక్కనే ఉద్యాన పరిశోధన సంస్థలో విత్తనాలూ చూసుకోవచ్చు. అర్క రక్షక్ టమోటా అక్కడిదే. ఆకుముడత, వడలు తెగులు, ఆకుమాడు తెగులు మూడింటినీ తట్టుకుంటుంది.

ఖర్చు సంగతి. కోడి రోజుకి 110 గ్రాముల మేత తింటుంది. ఆరు కోళ్లకి నెలకి 20 కిలోలు. నేను కొనే లేయర్ మేత (గుడ్ల కోళ్ల కోసం అమ్మే మేత) కిలో 40 దాకా పడుతుంది, అంటే 800. మంచి వయసులో రోజుకి ఐదు గుడ్లు వస్తాయి, ఏడాది సగటు తీస్తే నాలుగు. నెలకి 120 గుడ్లు, అంగడి ధర ఏడు రూపాయలనుకుంటే 840. నలభై రూపాయలు లాభం! గూడుకైన పాతికవేలు నేను లెక్కలో వేయడం మానేశాను, మీరూ వేయకండి. మేత మిగుల్చుకుందామని ఒక నెల రాగులు, నూకలు, కూరగాయ తొక్కులతోనే నెట్టుకొచ్చాను. గుడ్లు సగానికి పడిపోయాయి, రెండు తోలుగుడ్లు కూడా పెట్టాయి. చేతిలోకి తీసుకుంటే తడిసిన బెలూన్ లాగా మెత్తగా ఉంది, పెంకే లేదు. ఒక్కో గుడ్డు పెంకుకి రెండు గ్రాముల కాల్షియం కావాలి, గింజల్లో అది ఎక్కడుంటుంది? ఇప్పుడు లేయర్ మేతతో పాటు ఒక చిప్పలో ఆల్చిప్పల పొడి విడిగా పెడతాను, కావలసినంత అవే తింటాయి. మనం తిన్న గుడ్ల పెంకులు కూడా వేయొచ్చు, కానీ పెనం మీద వేయించి బాగా నలిపి వేయండి. పెంకు ఆకారంలో వేస్తే గుడ్డు తినడం నేర్చుకుంటాయి, ఆ అలవాటు మాన్పించడం మన తరం కాదు. ఆకులు మాత్రం ధారాళంగా పెట్టండి. మునగాకు, ముదిరిన తోటకూర, అనపకాయల (చిక్కుడు లాంటి గింజల కాయలు) కాలంలో దాని లేత ఆకు. సొన నారింజరంగులోకి వచ్చేది ఆకువల్లే. ఉప్పు, కారం కలిసిన మిగులు కూరలు, పచ్చబడ్డ బంగాళదుంప తొక్కులు వద్దు.

నీళ్ల విషయం కూడా ఆలోచించుకోండి. 2024 వేసవిలో తాగునీళ్లు తోటకి పోస్తే 5,000 జరిమానా అని జలమండలి ప్రకటించినప్పుడు, బియ్యం కడిగినవి, కూరగాయలు కడిగినవి, ఫిల్టర్ వదిలే నీళ్లు కలిపి పోసి మొక్కల్ని బతికించుకున్నాం. బెండ, వంగ తట్టుకున్నాయి, పాలకూర పోయింది. కోళ్లకి మాత్రం ఎండాకాలంలో చల్లటి మంచినీళ్లు రోజుకి రెండుసార్లు మార్చాల్సిందే, నోరు తెరుచుకుని ఎగపోస్తే వెంటనే నీడలోకి మార్చాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చిందని విన్నాక నెలరోజులు వాటిని కప్పు కిందే ఉంచాను. మేత గిన్నె బయట పెట్టలేదు, పావురాలు వాలతాయని.

ఊరెళ్తే ఎవరు చూస్తారు అనేది అన్నిటికన్నా ముందే తేల్చుకోవాల్సింది. మాకు ఆ పక్కింటి పెద్దాయనే చూస్తారు. సంక్రాంతికి నాలుగు రోజులు వెళ్తే ఆ నాలుగు రోజుల గుడ్లూ ఆయనవే, అదీ మా ఒప్పందం.

మీరు అడగని ఇంకో విషయం ఉంది. రెండో ఏడు దాటాక గుడ్లు తగ్గుతాయి. ఈకలు రాల్చే కాలంలో ఎలాగూ నెలన్నర ఆగుతాయి, డిసెంబర్‌లో పగలు తగ్గినప్పుడూ తగ్గుతాయి. కానీ ఇది వేరు, వయసుది. మా ఆరింట్లో రెండు ఈ ఉగాది నుంచి ఒక్క గుడ్డు పెట్టలేదు. మా ఊళ్లో అయితే ఇది ప్రశ్నే కాదు, ఆదివారం పులుసు. ఇక్కడ పిల్లలు వాటికి పేర్లు పెట్టుకున్నారు. అత్తమ్మ రోజూ మసాలా డబ్బా వైపు చూస్తుంది, మా చిన్నది గూడు తాళంచెవి దాచేస్తుంది. అవి రెండూ మాత్రం రోజుకి 110 గ్రాములు తింటూనే ఉన్నాయి.