ఇంతకీ ఏది తగ్గాలి? – ఇంజనీరింగ్ శీర్షికకు పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఉన్న సమయంతోనూ సరుకుతోనూ వీలైనంత మేలైన ఫలితం రాబట్టే గణిత పద్ధతులను ఆప్టిమైజేషన్ అంటారు. వాటి గురించి పోయిన నెల రాసిన వ్యాసం చదివి హైదరాబాదు పాఠకులు పంపిన ఉత్తరాల్లో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: మెకానికల్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. మిల్లింగ్‌లో, అంటే తిరిగే పనిముట్టుతో లోహాన్ని కోసే పనిలో, స్పిండిల్ వేగం (పనిముట్టు తిరిగే వేగం), ఫీడు (కోత ముందుకు జరిగే వేగం), కోత లోతు ఎంతెంత ఉంటే ఉపరితలం నునుపుగా వస్తుందో కనుక్కోవడం మా ప్రాజెక్టు. తోడేళ్లు, తిమింగలాలు, గబ్బిలాల పేర్లతో ఉన్న అల్గారిదమ్‌లలో (కంప్యూటరు అంచెలంచెలుగా మేలైన జవాబు వెతికే పద్ధతులలో) కొత్తది ఏదైనా వాడితే పేపరు త్వరగా అచ్చవుతుందని సీనియర్లు అంటున్నారు. ఏది ఎంచుకోమంటారు? (విద్యార్థిని, ఘట్‌కేసర్)

జవాబు: అల్గారిదమ్ పేరును కాసేపు పక్కన పెట్టి, ముందు మీ మిల్లింగ్ యంత్రం దగ్గరకు వెళ్లండి. మూడు చలరాశులకు మూడేసి స్థాయిలు తీసుకుంటే మొత్తం 27 ప్రయోగాలవుతాయి. కోతను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, ప్రవాహాన్ని నాలుగోదిగా చేరిస్తే అవి 81కి పెరుగుతాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న సి.ఆర్. రావు గారు 1940లలో రూపొందించిన ఆర్థోగోనల్ అర్రేల పద్ధతిలో, ఏ రెండు చలరాశులను తీసుకున్నా వాటి స్థాయిల జతలన్నీ సమానంగా వచ్చేలా ఆ 81లోంచి 9 ప్రయోగాలను ఏరుకోవచ్చు. ఆ తరవాత జపాన్ ఇంజనీరు టగుచి కర్మాగారాల్లోకి తీసుకెళ్లింది ఈ అర్రేలనే. గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణంలో రావు గారి పేరు మీద ఒక గణిత సంస్థ ఉంది; ఘట్‌కేసర్ నుంచి దూరమే అయినా ఒకసారి వెళ్లి చూడదగిన చోటు. అయితే ఒక జాగ్రత్త అవసరం. వేగం, ఫీడు ఒకదాని ప్రభావాన్ని మరొకటి మార్చేటట్లయితే ఆ సంగతి 9 ప్రయోగాల్లో విడిగా తెలియదు. మీవి మూడే చలరాశులు కాబట్టి, వర్క్‌షాపులో సమయం దొరికితే 27 ప్రయోగాలూ చేయమనే నా సలహా.

ఇక జంతువుల పేర్ల సంగతి. జీవపరిణామాన్ని నమూనాగా తీసుకున్న జెనెటిక్ అల్గారిదమ్ మీద జాన్ హాలండ్ పుస్తకం 1975లో వచ్చింది. పక్షుల గుంపు కదలిక నుంచి పుట్టిన పార్టికల్ స్వార్మ్ పద్ధతి 1995లో వచ్చింది. ఈ రెంటిలోనూ నిజంగా కొత్త ఆలోచన ఉంది. తరవాత పేర్ల వరద మొదలైంది. వాటిలో చాలావరకు పాత సూత్రాలకే కొత్త వేషం వేసినవని పరిశోధకుడు కెనెత్ సోరెన్సెన్ 2015లో ప్రచురించిన వ్యాసంలో గట్టిగా విమర్శించారు, ఆ విమర్శతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. అంతకు ముందే, 1997లో, వోల్పర్ట్, మెక్‌రెడీ అనే పరిశోధకులిద్దరూ కలిసి, సాధ్యమయ్యే సమస్యలన్నిటి మీదా సగటు తీస్తే ఏ అల్గారిదమూ మరొకదాని కన్నా మెరుగు కాదని గణితపరంగా నిరూపించారు. అన్నిటికీ పనికొచ్చే అల్గారిదమ్ అని ఎవరైనా రాస్తే, ఏ సమస్యల మీద పరీక్షించారని అడిగి తీరాలి.

ఆ పరీక్షలోనే పెద్ద లోపం దాగి ఉంటుంది. రెండేళ్ల కిందట ఒక కళాశాలలో వైవాకు (మౌఖిక పరీక్షకు) వెళ్లినప్పుడు, తన అల్గారిదమ్ కనుక్కున్న కనిష్ఠ విలువ ఎలా తగ్గుతోందో చూపుతూ ఒక విద్యార్థి పెట్టిన గ్రాఫు నలభై ఆవృత్తులకే నిట్టనిలువుగా సున్నాకు దిగిపోయింది. అతను పరీక్షకు తీసుకున్న ప్రమేయానికి కనిష్ఠం సరిగ్గా మూలబిందువు దగ్గర ఉంది. అతను వాడిన పద్ధతిలోని సమీకరణాలు జవాబు కావచ్చని పరిశీలించే బిందువులను మూలబిందువు వైపే లాగుతున్నాయి. ప్రతి నిరూపకంలోనూ 7 తీసేసి, అంటే కనిష్ఠాన్ని 7 దగ్గరకు జరిపి, మళ్లీ నడపమన్నాను. కోడులో ఒక్క వరుస మారింది, గ్రాఫు మధ్యలోనే ఆగిపోయింది. ఆ అబ్బాయి ముఖం చూసి నాకు బాధ కలిగింది, ఎందుకంటే ఈ చిన్న పరీక్ష అతనికి ఎవరూ నేర్పలేదు. మీరు మాత్రం ముందే చేయండి.

నిజానికి మీ ప్రాజెక్టుకు ఆ పద్ధతులేవీ అక్కరలేదు. 27 కొలతల నుంచి వచ్చే సమీకరణంలో మూడే చలరాశులుంటాయి. ఒక్కోదాన్ని 100 విలువలుగా విడగొడితే 10 లక్షల బిందువులవుతాయి. మామూలు ల్యాప్‌టాప్ వాటినన్నిటినీ క్షణాల్లో చూసేస్తుంది. నునుపుతో పాటు కోతకు పట్టే సమయం కూడా తగ్గాలనుకుంటే సమస్య ఆసక్తికరంగా మారుతుంది, ఎందుకంటే ఒకటి మెరుగైతే మరొకటి చెడుతుంది, ఒకే జవాబు ఉండదు. అప్పుడు ఐఐటీ కాన్పూర్‌లో కల్యాణ్‌మయ్ దేబ్ బృందం రూపొందించి 2002లో ప్రచురించిన ఎన్‌ఎస్‌జీఏ-2 అనే, ఒకేసారి ఒకటికి మించిన లక్ష్యాలను చూసే జెనెటిక్ అల్గారిదమ్ వాడి, రాజీల వరుసనంతా ఒక గీతగా గీయండి. ఆ గీత మీద ఏ బిందువు కావాలో వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టర్ గారిని అడగండి. ఆయన చూపిన విలువల దగ్గర మళ్లీ మూడుసార్లు కోసి, గరుకుదనం కొలిచి, ఆ కొలతలను ఉన్నవి ఉన్నట్టుగా రిపోర్టులో పెట్టండి.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. డీటీపీలో వాడే యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరికకు చెయ్యి అలవాటు పడింది. ఇప్పుడు అన్ని కంప్యూటర్లలోనూ ఒకేలా కనిపించే యూనికోడ్ అక్షరాల కోసం, ప్రభుత్వ ప్రమాణమైన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అమరిక నేర్చుకోమంటున్నారు. కంప్యూటరుతో లెక్క కట్టించి తెలుగుకు అన్నిటికన్నా మంచి కీబోర్డు ఒకటి తయారు చేయలేరా? (డీటీపీ ఆపరేటరు, చిక్కడపల్లి)

జవాబు: చేయవచ్చు. అయితే “మంచి” అంటే ఏమిటో ముందు అంకెల్లో చెప్పాలి, కష్టమంతా అక్కడే ఉంది. ఏ అక్షరాన్ని ఏ మీట మీద పెట్టాలన్న ప్రశ్నను గణితంలో క్వాడ్రాటిక్ అసైన్‌మెంట్ సమస్య అంటారు. కర్మాగారాలను ఏ ఊళ్లో పెట్టాలన్న ప్రశ్నతో 1957లో ఆర్థికవేత్తలు కూప్‌మన్స్, బెక్‌మన్ దీన్ని ప్రవేశపెట్టారు. 30 అక్షరాలను 30 మీటల మీద పరిచే మార్గాల సంఖ్య 33 అంకెలు ఉంటుంది, కాబట్టి అన్నిటినీ ఒక్కొక్కటిగా చూసే ఆశ లేదు.

ఇలాంటి లెక్కను ఒక దేశ ప్రమాణం కోసం నిజంగానే చేశారు. ఫ్రాన్సులో 2019లో వెలువడిన కొత్త అజెర్టీ కీబోర్డు రూపకల్పనలో ఫిన్లండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆప్టిమైజేషన్ వాడారు. వేగం, వేళ్లకూ మణికట్టుకూ కలిగే శ్రమ, సులభంగా ఊహించగలగడం, పాత అలవాటుకు దగ్గరగా ఉండడం అనే నాలుగిటినీ విడివిడిగా కొలిచారు. నిపుణుల సంఘం ఒక్కో అమరికను చూసి అభ్యంతరం చెప్పడం, లెక్కలో ఒక్కోదానికి ఇచ్చిన ప్రాధాన్యం మార్చి మళ్లీ నడపడం, ప్రజల అభిప్రాయాలు తీసుకుని ఇంకోసారి సవరించడం, ఇలా యంత్రానికీ మనుషులకూ మధ్య సంభాషణలా ఆ పని సాగింది. చివరికి అచ్చులూ హల్లులూ ఉన్న మామూలు అక్షరాలను కదిలించకుండా, గుర్తులను మాత్రమే సర్దారు. మీ ఇరవై ఏళ్ల అలవాటు లాంటిదే అక్కడ కోట్ల మందికి ఉంది, దాన్ని లెక్కలో ఖర్చుగా రాసుకున్నారు. ఈ నిజాయితీ నాకు ఎంతో నచ్చింది.

ఇన్‌స్క్రిప్ట్‌ను కూడా తేలిగ్గా తీసేయకండి. అందులో అచ్చులు, గుణింతపు గుర్తులు, పొల్లు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి వస్తాయి. “స్త్రీ” అని కొట్టి చూడండి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. ఇంగ్లీషు మీటల లెక్కలో ఇవి ఎం, డి, ఎల్, డి, జె, ఆర్. కుడి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఒక చెయ్యి కొడుతుండగా మరొకటి తన చోటికి చేరుకుంటుంది. ఒత్తులు ఎక్కువగా ఉన్న మన భాషకు ఇది చిన్న మేలు కాదు. ఫోను మీద రెండు బొటనవేళ్లతో కొట్టేవారి సంగతి వేరు; వారి కోసం తెలుగు అక్షరాల జతలు ఎంత తరచుగా వస్తాయో లెక్కించి చేయవలసిన పని ఇంకా చాలా ఉంది. కంప్యూటరు భాషాశాస్త్రం చదివే విద్యార్థులెవరైనా చేపడతారని ఆశిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మగారికి మోకాళ్ల నొప్పులు. కాలికి తొడుక్కుంటే మనిషి నడకను బట్టి తానే సర్దుకునే యంత్రం ఉందని ఒక వీడియోలో చూశాం. అది ఎలా పని చేస్తుంది? కొనవచ్చా? (గృహిణి, మలక్‌పేట)

జవాబు: మీరు చూసింది ఎక్సోస్కెలిటన్ అయి ఉంటుంది. మడమ దగ్గర ఒక మోటారు ఎప్పుడు, ఎంత బలంతో, ఎంతసేపు లాగాలన్నదే అందులోని సమస్య, దాని జవాబు ఒక్కో మనిషికి ఒక్కో రకంగా ఉంటుంది. 2017లో స్టీవ్ కాలిన్స్ బృందం ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన ప్రయోగంలో మనిషి ట్రెడ్‌మిల్లు మీద నడుస్తుంటే, ముఖానికి పెట్టిన మాస్కు ద్వారా శ్వాసను కొలిచి, ఎంత శక్తి ఖర్చవుతోందో యంత్రం అంచనా వేసింది. లాగే తీరును కొద్దికొద్దిగా మారుస్తూ సుమారు గంటలో ఆ మనిషికి సరిపోయే తీరును కనుక్కుంది. అసలు లాగకుండా నడిచినప్పటితో పోలిస్తే శక్తి ఖర్చు సగటున 24 శాతం తగ్గింది. 2022లో ‘నేచర్’లో వచ్చిన స్టాన్‌ఫర్డ్ పరిశోధనలో మాస్కు కూడా లేదు, బూటులోని సెన్సర్లు చెప్పే కదలికలను బట్టి, రెండు తీరుల్లో ఏది మేలో యంత్రమే పోల్చుకుంటుంది. కళ్ల డాక్టరు గారు ఒక అద్దం తరవాత మరొకటి పెట్టి “ఇది బాగుందా, అది బాగుందా” అని అడిగే పద్ధతి లాంటిదే ఇది, కాకపోతే జవాబు మాటల్లో కాకుండా కాలి కదలికలో వస్తుంది. బయట రోడ్డు మీద నడిచినప్పుడు వేగం 9 శాతం పెరిగి, అంతే దూరానికి శక్తి ఖర్చు 17 శాతం తగ్గింది.

అయితే ఆ ప్రయోగాల్లో నడిచినవారు ఆరోగ్యవంతులు, పరికరం ఆదుకున్నది చీలమండను. అరిగిన మోకాలికి ఇదే మేలు జరుగుతుందని ఆ ఫలితాలు చెప్పవు. వీడియో చూసి డబ్బు పెట్టవద్దని, అమ్మగారిని ఎముకల డాక్టరు గారికీ ఫిజియోథెరపిస్టుకూ చూపించమని మనస్ఫూర్తిగా కోరుతున్నాను.

ప్రశ్న: సిగ్నల్ దగ్గర నాలుగేసి నిమిషాలు ఆగుతున్నాం. సరైన సమయం లెక్క కట్టే సూత్రమే లేదా? (విశ్రాంత ఉద్యోగి, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: ఉంది. 1958లో బ్రిటన్‌లో వెబ్‌స్టర్ ఇచ్చిన సూత్రాన్ని ఇప్పటికీ పాఠాల్లో చెబుతున్నాం. అన్ని వైపులకూ ఒకసారి పచ్చదీపం వచ్చి మళ్లీ మొదటికి చేరే వ్యవధిని చక్రం అంటారు. ఒక చక్రంలో ఏ వైపు బండ్లూ కదలక వృథా అయ్యే సెకన్లను ఒకటిన్నరతో గుణించి 5 కలపాలి. దాన్ని, ఒకటిలోంచి కూడలి మీద పడే భారాన్ని (కూడలి మోయగలిగిన బండ్లలో వచ్చేవి ఎంత వంతో ఆ అంకెను) తీసివేయగా మిగిలినదానితో భాగించాలి. వృథా 12 సెకన్లనుకుంటే, భారం 0.7 ఉన్నప్పుడు చక్రం 77 సెకన్లు వస్తుంది, 0.8 ఉంటే 115, 0.9కి చేరితే 230. మీరు ఆగే నాలుగు నిమిషాలు ఎక్కడి నుంచి వచ్చాయో ఇక్కడే కనిపిస్తోంది. పైగా ఈ సూత్రం వరుసల్లో నడిచే బండ్ల కోసం పుట్టింది. మన దగ్గర ఆగిన బస్సు ముందుకు ముప్ఫై స్కూటర్లు వచ్చి చేరుతాయి.

మీరు అడగని ఒక మాట కూడా చెప్పాలి. ఆ సూత్రం తగ్గించేది బండ్ల ఆలస్యాన్ని. నడిచేవారి ఆలస్యం అందులో లేనే లేదు. 24 మీటర్ల రోడ్డును సెకనుకు 1.2 మీటర్ల చొప్పున దాటడానికి 20 సెకన్లు పడుతుంది. మీ వయసువారు 0.9 మీటర్ల చొప్పున నడిస్తే 27 సెకన్లు కావాలి. మీ కూడలిలో పచ్చ మనిషి బొమ్మ ఎన్ని సెకన్లు వెలుగుతోందో వాచీ పెట్టి చూసి, తక్కువగా ఉంటే ఆ అంకెలతోనే ట్రాఫిక్ పోలీసు అధికారులకు ఉత్తరం రాయండి.