100 వాట్ల 10 మీటర్ రేడియోను సీబీగా వాడొచ్చా?

అమెరికాలో మీ పికప్‌లో సీబీ (లైసెన్సు లేకుండా ఎవరైనా వాడే సిటిజన్స్ బ్యాండ్ రేడియో) సరిపోవట్లేదని, 100 వాట్ల 10 మీటర్ హామ్ సెట్టు కొని ట్రక్కు డ్రైవర్లు మాట్లాడుకునే ఛానెల్ 19కి మార్పించుకోవచ్చా అని అడిగారు. చట్టం ఒప్పుకోదు. ఒప్పుకున్నా మీరు ఆశించినంత దూరం రాదు.

సీబీకి ఉన్నవి 26.965 నుంచి 27.405 మెగాహెర్ట్జ్ దాకా 40 ఛానెళ్లు. ఏఎంలో క్యారియర్ (మాట లేకున్నా వెళ్లే మూల సిగ్నల్) 4 వాట్లు, ఎస్‌ఎస్‌బీలో (క్యారియర్ లేకుండా మాటనే పంపే పద్ధతిలో) పీక్, అంటే మాట పైకెక్కినప్పటి గరిష్ఠ పవర్, 12 వాట్లు, అంతే. ఎఫ్‌సీసీ (అమెరికా రేడియో నియంత్రణ సంస్థ) సీబీకని సర్టిఫై చేసిన సెట్టే వాడాలి, యాంప్లిఫయర్ తగిలించకూడదు. 10 మీటర్ అంటే 28 నుంచి 29.7 మెగాహెర్ట్జ్ దాకా హామ్‌ల (లైసెన్సు తీసుకుని హాబీగా రేడియో వాడేవాళ్ల) బ్యాండు. ఆ సెట్టును లోపలి జంపర్ (చిన్న కనెక్షన్) మార్చి 27కి దించి మాట్లాడితే హామ్ లైసెన్సున్నా తప్పే. పైగా టెక్నీషియన్ లైసెన్సుతో (హామ్‌లలో మొదటి మెట్టు) 10 మీటర్ బ్యాండులో మాట్లాడగలిగేది 28.3–28.5లో, ఎస్‌ఎస్‌బీలో మాత్రమే. ఏఎం, ఎఫ్‌ఎం తప్ప ఇంకేం లేని సెట్టు కొని ఇరుక్కోవద్దు.

డబ్బా మీద రాసే 100 వాట్లు పీక్. ఏఎంలో పూర్తి మాడ్యులేషన్‌కి (క్యారియర్ మీద మాట పూర్తిగా ఎక్కినప్పుడు) పీక్ క్యారియర్‌కి 4 రెట్లు, అంటే క్యారియర్ 25 దగ్గరే ఉంచాలి. 4 నుంచి 25కి పెరిగేది 8 డీబీ (డెసిబెల్స్). సిగ్నల్ బలం చూపే మీటర్లో గీత, అంటే ఎస్ యూనిట్, ఒక్కోటి 6 డీబీ కాబట్టి అవతలివాళ్ల మీటర్లో ముల్లు ఒకటిన్నర గీత కూడా కదలదు. క్యారియర్ 50కి లేపితే పీక్‌కి చోటుండదు. మాట బొంగురుపోయి పక్క ఛానెళ్లలోకి చిమ్ముతుంది. కరెంటు 20 ఆంపియర్ల దాకా లాగుతుంది, లైటర్ సాకెట్ ఫ్యూజు ఆగదు. బ్యాటరీ నుంచి నేరుగా లాగినా 16 గేజి (నంబరు పెరిగితే తీగ సన్నం) తీగలో రానూపోనూ 20 అడుగులకి ఒకటిన్నర వోల్టు పోతుంది, 10 గేజిలో అరవోల్టు లోపే.

ఆ డబ్బు యాంటెన్నా మీద పెట్టండి. 102 అంగుళాల విప్, కింద 6 అంగుళాల స్ప్రింగ్ కలిస్తే దాదాపు క్వార్టర్ వేవ్ (తరంగం పొడవులో పావు). తలుపులు మూసి, ఖాళీ స్థలంలో 1, 20, 40 ఛానెళ్లలో ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఎంత సరిగా కుదిరిందో చెప్పే కొలత, తక్కువైతే మంచిది) చూడండి. 40లో ఎక్కువుంటే యాంటెన్నా పొడుగు, 1లో ఎక్కువుంటే పొట్టి. కోయాల్సొస్తే ఒక్కోసారి 3 మిల్లీమీటర్లే. మూడు ఛానెళ్లలోనూ ఎస్‌డబ్ల్యూఆర్ 3 దాటితే అసలు కోయొద్దు; మౌంట్ కింద పెయింటు గీకి లోహానికి లోహం తగిలించండి, కోయాక్స్ (యాంటెన్నా కేబుల్) కనెక్టర్లో షార్ట్ ఉందేమో చూడండి. 1.5 లోపుకొస్తే చాలు.

సెట్టును ఇండియా తీసుకెళ్లే ఆలోచనుంటే, అక్కడ లైసెన్సు లేకుండా ఉన్నది 26.957–27.283 మెగాహెర్ట్జ్, 5 వాట్లే. ఛానెల్ 28 నుంచి అన్నీ బయటే.

మీ సొంత బండ్ల మధ్యే ఎక్కువ వాట్లు కావాలంటే జీఎంఆర్‌ఎస్ అనే ఇంకో రేడియో సర్వీసు తీసుకోండి. మెయిన్ ఛానెళ్లలో 50 వాట్ల దాకా అనుమతి ఉంది, పరీక్ష లేదు, 10 ఏళ్ల లైసెన్సు 35 డాలర్లు, ఇంట్లోవాళ్లందరికీ అదొక్కటే చాలు. ట్రక్కు డ్రైవర్లు మాత్రం అందులో దొరకరు, వాళ్ల కోసం 4 వాట్ల సీబీ ఉంచుకోండి.